నోరు కుట్టిన మూటలు

కాళ్లకు చక్రాలున్నవాడికి ఏ ఊరైనా ఒకలాగే మొదలవుతుంది. ముందు చెత్త కనిపిస్తుంది, తర్వాత ఊరు. బస్సు ఇంకా రెండు మైళ్ల దూరంలో ఉండగానే రోడ్డు పక్క ముళ్లకంపలకు కవర్లు చిక్కుకుని రెపరెపలాడుతుంటాయి. వాటిని చూసి లేచి సంచి భుజాన వేసుకుంటే సరిగ్గా దిగే వేళవుతుంది. పాతపట్టణాలు తవ్వే పండితులు కూడా రాజుగారి సింహాసనం కన్నా వంటింటి చెత్తకుప్ప దొరికితేనే ఎక్కువ సంబరపడతారని ఎక్కడో చదివాను. రాయించుకున్న శాసనాల్లో అబద్ధాలుంటాయి గానీ పారేసిన వాటిలో ఉండవట. చదివినప్పుడు ఆ మాట నాకు తెగ నచ్చింది. కాజాలక్క సంగతి చూశాక నచ్చడం మానేసింది.

ఆమెను వీధంతా కాజాలక్క అనేవారు. మూడు మిషన్ల టైలరు షాపులో గుమ్మం దగ్గర పీట వేసుకుని చొక్కాలకు చేత్తో కాజాలు తీసేది, గుండీలు కుట్టేది. రోజుకు పన్నెండు చొక్కాలు. కత్తెర మొనతో గాటు పెట్టి, ఆ గాటు అంచు వెంట ముడి మీద ముడి వేసుకుంటూ దారం తిప్పుతుంటే పక్కన నిలబడి చూడబుద్ధేసేది. “మాస్టారి కుట్టు ఊడినా అక్క కాజా ఊడదు” అనేవారు. అదీ మాస్టారి ఎదుటే అనేవారు. యాభై నాలుగేళ్ల మనిషి. భర్త పోయి చాలా కాలమైంది. షాపు పైన, నలభై ఒక్క మెట్లెక్కితే ఒకే గది ఆమెది. దాని పక్క గది వారాల లెక్కన నేను తీసుకున్నాను. ఆ వారాలు కాస్తా రెండో ఏడులో పడ్డాయి. ఎందుకు కదల్లేదంటే చెప్పలేను. తిరుగుబోతు కాలికి కూడా ఎక్కడో ఒకచోట తిమ్మిరెక్కుతుంది.

ఆమె చెల్లెలు రోడ్డు మలుపులో తూము పక్కన ఒక గదిలో ఉండేది. తూమంటే వాననీళ్లు రోడ్డు కింద నుంచి అవతలి కాలువలోకి పోయే రెండడుగుల గొట్టం. ఆ రోడ్డుకు తారు వేసినప్పుడల్లా పాతది తవ్వకుండా దాని మీదే కొత్తది పోశారు. ఇరవై ఏళ్లలో రోడ్డు ఎదిగింది, గది ఎదగలేదు. ఒకప్పుడు మెట్టెక్కి వెళ్లిన గుమ్మంలోకి ఇప్పుడు మూడు మెట్లు దిగి వెళ్లాలి. చెల్లెలి భర్త, అంటే అక్కకు మరిది, షాపుల బోర్డులు రాసేవాడు. బోర్డు రాయడానికి కట్టిన కర్రల మీద నుంచి పడి నడుము కింద చచ్చుబడి మూడేళ్లయింది. చక్రాల బల్ల మీద పడుకోబెట్టి, మెట్ల మీద చెక్క వాల్చి, అతన్ని పైకి లాగేవారు, కిందికి దించేవారు. ఊళ్లో అంతకన్నా మంచి గదులు లేక కాదు. నేల మీద ఉన్న గది ఇంకోటి దొరకలేదు. మేడ ఎక్కిస్తే ఆ మనిషి ఇక దిగడు.

నిరుడు వానలకు తూము పూడుకుపోయి నీళ్లు గదిలోకి వచ్చాయి. చెల్లెలు మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి, ఆ పైన ఇంకో ఇటుక పెట్టి, నాలుగు గంటలు మంచం పట్టుకుని నిలబడింది. నీళ్లు నవారుకు తగిలి ఆగాయి. మరిది అప్పుడు కూడా జోకులేశాడట: “ఇంకో ఇటుక పెట్టవే, సీలింగుకి సున్నం కొట్టేస్తా.” మర్నాడు నీళ్లు తీశాక అక్క గుమ్మంలో కూర్చుని తూము నోట్లో చెయ్యి పెట్టి చూసింది. భుజం దాకా కవర్లే. వచ్చే వానలకు ఇంకో జానెడు ఎక్కువొస్తే ఏమవుతుందో ఎవరూ పైకి అనలేదు.

ఎండలు ముదరగానే అక్క మొదలుపెట్టింది. కుట్టి మడతపెట్టిన ప్రతి చొక్కా జేబులో ఒక చీటీ: “ఆదివారం పొద్దున ఆరింటికి తూము దగ్గరికి రండి. చేతులు తెస్తే చాలు.” నా చొక్కాలోనూ ఒకటి వచ్చింది.

“నా గిరాకీలతో నువ్వు చెత్త ఏరిస్తావా?” అని టైలరు మాస్టరు మండిపడ్డాడు.

“మీరూ రండి మాస్టారూ. వంగితే నడుముకి మంచిది.”

“నా నడుము సంగతి నీకెందుకమ్మా? రేపు ఎవడైనా చొక్కా వెనక్కి తెచ్చి, ఇందులో పని చెప్పారేంటి అంటే నేనేం చెప్పాలి?”

“జేబు ఊరికే ఇచ్చాం, చీటీ కూడా ఊరికే ఇచ్చాం అనండి.”

నలభై చీటీలకు పదకొండు మంది వచ్చారు. అందులో ఒకాయన వచ్చింది గుండీ వదులైందని చెప్పడానికి. ఆయన చేతికీ ఒక సంచి ఇచ్చింది. టైలరు మాస్టరు ఏడింటికి, ఇటుగా పోతున్నవాడిలా వచ్చాడు. పంచర్ షాపాయన పొడవాటి ఇనుప కొక్కెం పట్టుకొచ్చాడు. లైనింగు గుడ్డ ముక్కలతో అక్క అందరికీ చేతి తొడుగులు కుట్టింది. గులాబీ రంగు, పూలవి. పంచరాయన వాటిని తొడుక్కుని అటూ ఇటూ తిప్పి చూసుకుని, “ఏమమ్మా, నన్ను పెళ్లికొడుకుని చేశావా, పెళ్లికూతుర్ని చేశావా?” అన్నాడు.

చెత్త ఏరిన వాళ్లకే తెలిసే సంగతొకటుంది. దూరం నుంచి కుప్పగా కనిపించేది దగ్గరికెళితే ఒక్కొక్కటిగా మనుషుల ముఖం పెడుతుంది. మందు సీసాలు, పసిపిల్లల గుడ్డలు, ఎవరి పేరో కొట్టేసిన పరీక్ష కాగితాలు, చిరిగిన గొడుగులు. ఒంటి చెప్పులు నేనే ముప్ఫై ఏడు లెక్కపెట్టాను. జత మాత్రం ఒక్కటీ లేదు. రెండో చెప్పుతో ఆ మనుషులు ఇళ్లకు ఎలా వెళ్లి ఉంటారని ఆలోచిస్తూ నిలబడితే, “పెద్దాయనా, వేదాంతం తర్వాత, ముందు సంచి నింపండి” అని అక్క కేకేసింది.

సిమెంటు సంచులు, పిండి సంచులు ఆమె నెల నుంచి పోగేసి పెట్టుకుంది. నిండిన సంచి నోటిని దబ్బనంతో, పురికొసతో తనే కుట్టింది. మూటకు పది కుట్లు. కుక్కలు లాగకూడదు, గాలికి ఎగరకూడదు. కుట్టిన మూటలను తూము పక్కనే, రోడ్డు కాస్త వెడల్పైన చోట, బట్టల షాపులో తానులు పేర్చినట్టు పదేసి వరసగా పేర్పించింది. మునిసిపాలిటీ లారీ ఆగడానికి చోటున్నది అక్కడే. మొదటి ఆదివారం అరవై నాలుగు మూటలు. పదింటికి పంచరాయన కొక్కెం చివరిసారి లాగేసరికి తూములో ఇవతలి నుంచి అవతలి వెలుతురు కనిపించింది. చెల్లెలు మోకాళ్ల మీద కూర్చుని ఆ వెలుతురు వైపు చాలాసేపు చూసింది. చక్రాల బల్ల మీద పడుకున్న మరిది అన్నాడు:

“వదినా, అవతలి ఊరు కనపడుతోందటగా. టికెట్టు పెడదామా?”

ఆ వారమే అతను రంగులడిగాడు. మూడేళ్లుగా కుంచె ముట్టని మనిషి. రేకు ముక్క మీద పసుపు పూత, దాని మీద నీలం అక్షరాలు, కింద బాణం గుర్తు. పక్కకు ఒరిగి పడుకుని, చెల్లెలు రేకు పట్టుకుంటే, నాలుగు రోజులు రాశాడు. “మూటలు ఇక్కడ పెట్టండి.” ఏరడానికి వచ్చినవాళ్లు తలో దిక్కున పడేయకుండా అన్నమాట. ఎంత బాగా రాశాడంటే, ‘లు’ కొమ్ము ఒంపు దగ్గర నీడ కూడా వేశాడు. నాలుగో రోజు సాయంత్రం పంచరాయన దాన్ని స్తంభానికి బిగిస్తుంటే, మరిది కింద బల్ల మీద నుంచి “ఎడమకి... ఇంకొంచెం... అబ్బా, నీకు కళ్లున్నాయా, నట్లున్నాయా?” అని అరుస్తూ ఉన్నాడు. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఏడ్చిందేమో కూడా. నేను అటు చూడలేదు.

అంతకుముందు, మొదటి సోమవారమే లారీ వచ్చింది, కాస్త నెమ్మదించింది, వెళ్లిపోయింది. రెండో ఆదివారం ఇంకో యాభై మూటలు. రెండో సోమవారం అక్క లారీకి అడ్డం నిలబడింది. లారీ మేస్త్రి కిందికి దిగాడు. నెమ్మదస్తుడే.

“నోరు కుట్టిన మూట మేం ఎత్తం అమ్మా.”

“ఏమయ్యా, కుట్టకపోతే ఎగిరిపోవూ?”

“లోపలేముందో మాకెట్లా తెలుస్తుంది? మొన్న ఒకడు ఇట్లాగే కట్టి, లోపల పగిలిన ట్యూబులైట్లు పెట్టాడు. ఒరేయ్, నీ చెయ్యి చూపించరా అమ్మకి.”

లారీ మీద ఉన్నవాడు అరచెయ్యి తిప్పి చూపించాడు. బొటనవేలి మొదలు నుంచి మణికట్టు దాకా మచ్చ. అక్క తలెత్తి ఆ మచ్చ వెంట చూసింది. కుట్లు చూసే మనిషి కదా, ఆ చేతికి ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెట్టిందనుకుంటాను.

“ఇవి నేను కుట్టినవయ్యా. గాజు పెంకులన్నీ వేరే పెట్టాం.”

“మీరు కుట్టారని మూట మీద రాసుంటుందా? విప్పి పెట్టండి, ఎత్తుతాం. లేదంటే ఆఫీసు నుంచి కాయితం తెండి. పదకొండు వీధులున్నాయి, దారివ్వండి.”

కాగితం కోసం వార్డు ఆఫీసుకు నేనూ వెళ్లాను. అక్కడ ఆఫీసరు అక్కను మెచ్చుకుని, కుర్చీ వేయించి, వీధికి ఒక తొట్టి పెట్టిస్తానని మాటిచ్చి, ముందు ఏ మూటలో ఏముందో జాబితా రాసివ్వమన్నాడు. రాసిచ్చింది. దాని మీద సంతకం పెట్టాల్సినాయన సెలవులో ఉన్నాడు. ఆయన వచ్చాక ఆ జాబితా కనపడలేదు. ఎవరినీ తిట్టడానికి లేకుండా పని చెడిపోవడం కన్నా దిగులు ఇంకోటి లేదు. మేస్త్రి మాట న్యాయం. ఆఫీసరు మర్యాద నిజం. మూటలు మాత్రం నూట పద్నాలుగు.

ఈలోగా ఒక పరుపు వచ్చింది. చిరిగిన జంట పరుపు. ఎవరు తెచ్చారో తెలియదు, ఎంతో పద్ధతిగా మూటల వరసకు ఆనించి, సరిగ్గా బోర్డు కింద పెట్టిపోయారు. మర్నాడు పగిలిన సింకు. ఆ తర్వాత స్కూటర్ల మీద నుంచి వంటింటి కవర్లు. మా వీధిలో చదువుకున్నవాళ్లు ఎక్కువ, బోర్డు చదివి పాటించారు. అక్క ఒకాయనను పట్టుకుంది. ఆయన ఆఫీసు బట్టల్లో ఉన్నాడు. చొక్కాకు కాజాలు ఆమె తీసినవే.

“ఇక్కడ వేయకండి సార్, ఇవి మేం ఏరి పెట్టినవి.”

“ఇంతకుముందు ఎక్కడ పడితే అక్కడ వేసేవాళ్లం. ఇప్పుడు ఒకచోట వేస్తున్నాం. మీరు చెప్పిందే కదమ్మా?”

“మేం అలా చెప్పలేదండీ.”

“బోర్డుందిగా!” అని ఆయన వేలు పెట్టి చూపించాడు. “చాలా మంచి పని చేశారు” అని కూడా అన్నాడు, స్కూటరు తొక్కుతూ.

మూడో ఆదివారం నలుగురే వచ్చారు. ఏరడానికి రోడ్డు మీద పెద్దగా ఏమీ లేదు. అంతా ఒక్కచోటికే చేరుతోంది. ఆ చోటు తూముకు మూడు గజాల్లో, చెల్లెలి కిటికీకి ఆరు గజాల్లో.

“ముందు ఆ బోర్డు పీకెయ్యమ్మా” అన్నాడు టైలరు మాస్టరు.

అక్కకు తెలియదా? ఆ పని మీదే మూడుసార్లు చెల్లెలింటికి వెళ్లింది. మొదటిసారి వెళ్లేసరికి మరిది ఇంకో రేకు అడిగాడు. రెండోసారి మొదటి బోర్డులో తనకు నచ్చని అక్షరాల వంకరలేవో కాగితం మీద దిద్దుతున్నాడు. మూడోసారి, పంచర్ షాపుకి కొత్త బోర్డు రాయమని బేరం వచ్చిందని చెప్పాడు. తిరిగొచ్చి మెట్ల మీద కూలబడింది.

“మూడేళ్ల తర్వాత కుంచె పట్టాడు పెద్దాయనా. నీ రాతే నీ కొంప మీదికి తెచ్చిందని ఏ నోటితో చెప్పను?”

“ఎవరూ చూడనప్పుడు నేను ఊడదీసేస్తా. దొంగలెత్తుకెళ్లారందాం.”

“దొంగలు కూడా మెచ్చారని ఇంకోటి రాస్తాడు.”

ఆమె ఇంకో దారి పట్టింది. మేస్త్రిని బతిమాలితే మెత్తబడ్డాడు: “వచ్చే సోమవారానికి నోళ్లన్నీ విప్పి పెట్టండి. పరుపులూ అవీ కూడా పట్టేలా రెండో లారీ తెస్తా.” స్థలం ఖాళీ అయితే బోర్డుకు పనుండదు, మెల్లగా చెప్పొచ్చు. అలా అనుకుంది. ఆ వారమంతా పని అయ్యాక వెళ్లి, వెలుతురున్నంతసేపూ మూటలు విప్పింది. నేనూ కూర్చున్నాను. ఊడే కుట్లా అవి! ప్రతి రెండు కుట్లకు ఒక ముడి వేసిపెట్టింది, ఎందుకైనా మంచిదని. బ్లేడు జారి ఆమె బొటనవేలు కోసుకుంది. “నా పని నాకే ఇంత చేటని తెలిస్తే కాస్త బద్ధకంగా కుట్టేదాన్ని” అంది. శనివారం మధ్యాహ్నానికి తొంభై మూటల నోళ్లు తెరుచుకున్నాయి. వానలకు ఇంకా పదిహేను రోజుల గడువుందని రేడియో అంది.

ఆ శనివారం మధ్యాహ్నమే ఆమె ధైర్యం చేసి చెల్లెలి గదిలో కూర్చుంది. నేను గుమ్మంలో ఉన్నాను.

“నీతో ఒక మాట చెప్పాలి” అంది మరిదితో. “బోర్డు గురించి.”

“తీసెయ్యండి వదినా.”

“అది కాదు, నువ్వు రాసింది బాగా...”

“వాసన నాకు రాదా? కిటికీ నా తలవైపే కదా.” అతను నవ్వలేదు. “పది రోజుల నుంచి తెలుసు.”

“మరి అనలేదేం?”

“మీరే అంటారని చూశా. అనేదాకా బోర్డు ఉంటుంది కదా అని.”

చెల్లెలు లేచి కిటికీ మూయబోయింది. అప్పుడే గాలి మారింది. రేడియో వాళ్లకు చెప్పిరావాలని ఏ మేఘానికీ లేదు.

వాన అరగంటలోనే ఏకధారగా దంచింది. మూటలు కుట్టి ఉంటే బరువుకు కదలకుండా ఉండేవేమో. నోళ్లు తెరిచినవి నీళ్లు తాగి, ఒరిగి, ఒకదాని వెనక ఒకటి గట్టు జారి తూము దగ్గరికి వచ్చాయి. మూడు ఆదివారాలు ఏరినదంతా ఎక్కడ నుంచి తీశామో అక్కడికే చేరింది. పైగా ఊరంతటి నుంచి వచ్చి చేరినది కూడా. అక్క తూము నోట్లోకి దిగి రెండు చేతులా లాగింది. పంచరాయన కొక్కెంతో వచ్చాడు. పరుపు అడ్డంగా పడి ఇరుక్కుంది. నీళ్లు పీల్చిన పరుపును నలుగురం కదిలించలేకపోయాం. నీళ్లు చెల్లెలి గుమ్మం దాటాయి, ఇటుకలు దాటాయి.

“అక్కా, అది వదిలెయ్! ఈయన్ని ఎత్తు!” అని చెల్లెలు లోపలి నుంచి అరిచింది.

తలుపు రెక్క ఊడదీసి దాని మీద పడుకోబెట్టి అతన్ని బయటికి తెచ్చాం. టైలరు మాస్టరు ఒక చేత్తో తన నడుము పట్టుకుని ముందు నడిచాడు. నేల మీద పొడిగా ఉన్న చోటు ఎక్కడా లేదు. అక్క తన గది చూపించింది. నలభై ఒక్క మెట్లు. మలుపు మలుపుకీ తలుపు రెక్క గోడకు కొట్టుకుంటుంటే మరిది కళ్లు మూసుకుని ఉన్నాడు. ఒక్క జోకూ వేయలేదు. ఆ మెట్ల మీద నాకు భయం వేసింది అందుకే.

నీళ్లు తీశాక ఇంటివాళ్లు చెల్లెలి గదిని పాతసామాన్ల వ్యాపారికి ఇచ్చేశారు. మనుషులకిస్తే ప్రాణం మీదికొస్తుందన్నారు, అదీ నిజమే. ఇది జరిగి అయిదు నెలలు. ముగ్గురూ మేడ మీద అక్క గదిలోనే ఉంటున్నారు. మరిది అప్పటి నుంచి కిందికి దిగలేదు. దించడానికి అయిదుగురు కావాలి, మళ్లీ ఎక్కించడానికి అయిదుగురు కావాలి, ఒకసారి అడగొచ్చు, రెండోసారి అడగలేరు. పంచర్ షాపు బోర్డు ఇంకెవరో రాశారు. గదిలో రంగు వాసన వేస్తే ముగ్గురికీ ఊపిరాడదని అతనే వద్దన్నాడు. పగలు చెల్లెలు బయట పనికి వెళుతుంది. అతను సీలింగు చూస్తూ ఉంటాడు. నేను పుస్తకాలు చదివి వినిపిస్తానంటాను. “మీ ఇష్టం” అంటాడు.

వార్డు ఆఫీసరు మాత్రం మాట నిలబెట్టుకున్నాడు. పోయిన నెల ఒకరోజు తూము పక్కన ఆకుపచ్చ ఇనుప తొట్టి తెచ్చి పెట్టించాడు. జనానికి అలవాటైన చోటు గనుక అక్కడే సౌకర్యమట. తొట్టి మీద నంబరు వేశారు. షాపుకొచ్చి అక్కకు నమస్కారం పెట్టి, “అంతా మీ చొరవేనమ్మా” అన్నాడు. ఆమె చేతిలో స్కూలు యూనిఫాం చొక్కా ఉంది. సూదిని గుడ్డలో గుచ్చి ఆపి, “మంచిదండీ” అంది. ఆయన వెళ్లాక మళ్లీ కాజా తీయడం మొదలుపెట్టింది. చొక్కాల జేబుల్లో ఇప్పుడు చీటీలుండవు. “ఆదివారం మళ్లీ...” అని నేనోసారి అనబోతే, రెండు వందల యూనిఫాంలున్నాయంది.

నిన్న పొద్దున నేను కిందికి దిగేసరికి ఆమె నా ముందు నడుస్తోంది, చేతిలో వంటింటి కవరు. ముగ్గురి చెత్త. కవరు మూతిని కుట్టలేదు, ఉత్తినే మెలిపెట్టింది. తొట్టి దాకా వెళ్లింది. తొట్టి నిండి, చుట్టూ మోకాలెత్తున పేరుకుని ఉంది. లారీ ఎప్పుడొస్తుందోనని అటూ ఇటూ చూసింది. కాసేపు నిలబడి, అందరిలాగే, పక్కన పెట్టింది. విసిరేయలేదు. వంగి, పెట్టింది.

వెనక్కి తిరిగి నన్ను చూసింది. నా చేతిలోనూ ఒక కవరుంది. ఏం చేయాలో తోచక దాన్ని వెనక్కి దాచుకున్నాను.

“వేసెయ్యండి పెద్దాయనా,” అంది, “ఇంకెక్కడికి తీసుకెళతారు?”